గింజ పాలుపోసుకున్న గది

అత్తయ్య మంచం గుమ్మంలోంచి బయటికి రాలేదు. ఇదంతా అక్కడే మొదలైంది.

ఆ మంచం ఆ గదిలోనే పుట్టింది. మా పెళ్లయిన కొత్తలో వడ్రంగి చెక్కలు మోసుకొచ్చి, గది మధ్యలో కూర్చుని అక్కడే బిగించి వెళ్లాడు. మేకు అన్నది లేకుండా చెక్కలో చెక్క దూర్చి కొట్టిన మంచం. విప్పడమంటే విరగ్గొట్టడమే.

"నేను పోయాక విరగ్గొట్టుకోండి, ఇప్పుడేం తొందర?" అంది అత్తయ్య. ఆవిడ ఆ మాట అన్నాక ఇంక సుత్తి ఎవరు పట్టుకుంటారు?

ఇంటికో గది ఖాళీ చెయ్యమని నగరం వాళ్లు చెప్పిన ఏడాది అది. బయటి పొలాల నుంచి వచ్చే లారీలు ముందు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. అక్కడ నీళ్లు లేవట, పండింది వాళ్లకే చాలడం లేదట. ఇక మీదట నగరం తిండి నగరమే పండించుకోవాలనీ, ఏ బిల్డింగు తిండి ఆ బిల్డింగులోనే పండాలనీ వీధి వీధికీ తిరిగి మైకులో చెప్పారు. డాబా మీద అప్పటికే వేశాం. అది చాలక గదులు. మా అమ్మాయి పెళ్లయి వెళ్లాక అత్తయ్య ఒక్కతే పడుకునే గదిని మేం ఇచ్చాం. మునిసిపాలిటీ వాళ్లు వచ్చి గోడలకి ఇనుప అరలు బిగించి, వాటి మీద మట్టి ట్రేలు పెట్టి, పైన గులాబీ రంగు లైట్లు వేలాడదీశారు. అందరిళ్లల్లోనూ గది నిండా అరలే. మా ఇంట్లో మాత్రం నాలుగు గోడలకీ అరలు, మధ్యలో మంచం.

"ఆస్పత్రిలో పడుకున్నట్టుంటుంది మీకు," అన్నాను.

"ఆస్పత్రిలో మొక్కలెక్కడివి? కూరగాయల కొట్లో పడుకున్నట్టుంటుందను," అంది.

నేనన్న మాటని దిద్దకుండా వదిలిపెట్టడం ఆవిడకి చేతకాదు. నలభై ఏళ్లు బస్సు డిపో ఎదురుగా రేకుల షెడ్డులో మెస్సు నడిపిన మనిషి. పొద్దున్నే పొయ్యి వెలిగిస్తే ఆఖరి కండక్టరు చెయ్యి కడుక్కుని వెళ్లేదాకా నడుం వాల్చి ఎరగదు. బిల్డింగులో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ మెస్సు మామ్మే. నేను వంటింట్లో కత్తి పట్టుకుంటే చాలు, వెనకాల వచ్చి నిలబడేది. ఉల్లిపాయ లావుగా తరిగానని, మంట వృథాగా పోతోందని, ఉప్పు చెంచాతో వేస్తున్నానని ఏదో ఒకటి. నేనూ ఊరుకునేదాన్ని కాదు. డ్రై క్లీనింగు షాపులో పొద్దస్తమానం ఆవిరి ఇస్త్రీ దగ్గర నిలబడి వచ్చేదాన్ని, నా నోరూ ఆ వేడి మీదే ఉండేది. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. మేమిద్దరం మొదలుపెట్టగానే, "ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారట," అని సంచీ తగిలించుకుని ఉడాయించేవారు.

అత్తయ్య మధ్యాహ్నాలు పడుకోవడం ఆ లైట్లు వచ్చాకే మొదలైంది. ఆ వేడికి మోకాళ్ల నొప్పులు తగ్గుతున్నాయంటూ కాసేపు నడుం వాల్చింది. కాసేపు కాస్తా సాయంత్రం దాకా సాగింది. జీవితమంతా పడుకోని మధ్యాహ్నాలన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డట్టు నిద్రపోయేది.

ఆకుకూరలు అందరికీ బాగానే వచ్చాయి. కానీ ఆకులు తిని ఎన్నాళ్లుంటారు? కడుపు నిండాలంటే గింజ కావాలి. ట్రేల్లో వెయ్యడానికని పొట్టి రకం గోధుమ విత్తనం ఇచ్చారు. అన్ని ఇళ్లల్లోనూ మొలిచింది, ఏపుగా పెరిగింది, కంకులు కూడా వేసింది. అందరం సంబరపడ్డాం. తీరా నలిపి చూసినవాళ్లకి ఉత్త తాలు. ఊదితే అరచేతిలో ఏమీ మిగల్లేదు. కింద అంతస్తులో ఉండే టైలరమ్మ కంకుల్ని ఒళ్లో పోసుకుని ఏడ్చింది. ఆవిడ కూతురికి నెలలు నిండుతున్నాయి.

ఆ ఏడుపు కళ్లతోనే మా ఇంటికి వచ్చి, "మీదీ ఇంతేనా అక్కా?" అంటూ ఒక కంకి తుంచి గోటితో నొక్కింది. గోటి మీదికి తెల్లటి చుక్క ఉబికింది.

"అక్కా! పాలుపోసుకుంది!"

బిల్డింగు సెక్రటరీ గారు స్వయంగా వచ్చారు. ఇన్సూరెన్సు ఆఫీసులో రిటైరైన మనిషి, ఎంత చిన్న సంగతైనా సభలో లేచి నిలబడి చెప్పినట్టే చెబుతారు. మట్టి వాసన చూశారు. నీళ్లు నాలిక మీద వేసుకున్నారు. లైటు కింద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచారు.

"అన్ని గదులకీ ఏమిచ్చామో మీకూ అదే ఇచ్చాం. అదనంగా ఉన్నది ఒక్కటే," అని మంచం వైపు చూశారు. అత్తయ్య గోడవైపు తిరిగి సన్నగా గురక పెడుతోంది.

"చెక్కలో ఏదైనా మహత్యం ఉందంటారా?" అన్నారు మా ఆయన నవ్వుతూ.

"చెక్క కాదండీ, మనిషి," అన్నారు సెక్రటరీ గారు. ఆయన నవ్వలేదు.

మర్నాడు మళ్లీ వచ్చి, "మేడమ్, మీ అత్తగారిని ఈ మధ్యాహ్నం ఒక్కసారి మా ఇంటికి పంపిస్తారా?" అని అడిగారు. నిచ్చెన అరువడిగినట్టే అడిగారు.

అత్తయ్య విని పడీ పడీ నవ్వింది. "నన్ను పడుకోవడానికి పిలుస్తున్నారా? నేను సరిగ్గానే విన్నానా? గిన్నెలవీ ఉన్నాయేమో కనుక్కో, ఓపిక మిగిలితే తోమి వస్తాను." అయినా తల దువ్వుకుంది, ఉతికిన బట్టలు కట్టుకుంది, తలగడ చంకలో పెట్టుకుని పెళ్లికి వెళ్లినట్టు బయల్దేరింది. సాయంత్రం వచ్చి, "పరుపు గుంటలు పడింది. దుప్పటి ఎన్నడు ఉతికారో ఏమో. కానీ మర్యాద మాత్రం బాగా చేశార్లే," అంది.

కొన్ని మధ్యాహ్నాలు గడిచాక సెక్రటరీ గారి ఇంట్లోనూ గింజ పాలుపోసుకుంది.

ఇంక ఆగుతారా? ఒక్కో మధ్యాహ్నం ఒక్కో ఇల్లు. మొదట్లో కొందరు తామే పడుకుని చూశారు. టైలరమ్మ ట్రేల మధ్య చాప వేసుకుందట గానీ, గింజ ఎక్కుతోందా లేదా అని ఓ కన్ను తెరిచే ఉంచిందట. ఆకలితో ఉన్నవాళ్లకి అసలు నిద్రెక్కడ పడుతుంది? అత్తయ్య అలా కాదు. తల తలగడకి ఆనితే చాలు, రాయి నీళ్లలో మునిగినట్టు మునిగేది.

"నలభై ఏళ్లు నిలబడి పెట్టాను. ఇప్పుడు పడుకుని పెడుతున్నాను. ఇలాంటి ఉద్యోగం మీ మామగారు బతికుండగా దొరికితేనా..." అనేది. ఆవిడ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ఎవరి ఇంటికి వెళ్లినా గుమ్మంలో ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేవారు. నాక్కూడా గర్వంగానే ఉండేది, ఎందుకు దాచుకోవాలి. బిల్డింగంతా రొట్టెలు కాలుతున్న వాసన. టైలరమ్మ కూతురు పిల్లని కంది, ఆ పిల్లకి చాలినన్ని పాలు పడ్డాయి.

ఆకుల సంగతి నేను చూసింది బట్టలు ఆరేస్తూ. అత్తయ్య మా ఇంట్లోనే పడుకున్న రోజు. తువ్వాళ్ల కోసం గదిలోకి వెళితే ఏదో తేడాగా అనిపించింది, ఏమిటో వెంటనే తెలియలేదు. పైన లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. మొక్క అన్నది వెలుతురు వైపు కదా పోవాలి. నాలుగు గోడల మీదున్న మొక్కలూ లైట్లని వదిలేసి, నడుములు వంచి, మంచం మీదికి ఒరిగి ఉన్నాయి. పై అరల్లోవి కిందికి, కింది అరల్లోవి పైకి. ఫ్యాను లేదు, కిటికీ మూసే ఉంది. అయినా ఆకుల్లో సన్నని కదలిక. చూస్తూ నిలబడ్డాను. అత్తయ్య ఊపిరి తీసుకుంటే ఆగుతోంది, వదిలితే కదులుతోంది.

గాభరాగా తలుపు మూసి వంటింట్లోకి వచ్చేశాను. అక్కడ కిటికీలో నేను పెంచుకునే చిన్న కుండీ ఉంది. అదీ ఎండవైపు లేదు. అత్తయ్య గది గోడవైపు మెడ తిప్పి ఉంది.

ఆ సాయంత్రం ఆవిడ లేచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. నేను ఉల్లిపాయ తరుగుతున్నాను. మనసు ఆ గదిలోనే ఉండి ముక్కలు ఇష్టమొచ్చినట్టు పడుతున్నాయి. ఇదిగో అంటుంది, అదిగో అంటుంది అని ఎదురుచూశాను. ఆవిడ నా చేతుల్నే చూస్తోంది. ఏమీ అనలేదు.

అప్పుడు తట్టింది నాకు. ఆవిడ నన్ను ఏదైనా అని ఎన్నాళ్లయింది? ఎంత వెనక్కి వెళ్లి వెతికినా ఒక్క పోట్లాటా గుర్తుకు రాలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉందని నేను హాయిగా ఉన్నాను. ఎందుకు ప్రశాంతంగా ఉందో ఆలోచించనే లేదు.

మర్నాడు కావాలనే కూరలో గుప్పెడు ఉప్పు ఎక్కువ పోశాను. మా ఆయన ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు పెద్దవి చేశారు. నేను కళ్లతోనే ఆగమన్నాను. అత్తయ్య తింటోంది. ఒక ముద్ద తర్వాత ఇంకో ముద్ద, నెమ్మదిగా, ఎదురుగా ఉన్న గోడని చూస్తూ.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"బాగుంది."

"ఉప్పు?"

"ఉంది."

మా ఆయన కంచం ముందు నుంచి లేచిపోయారు. బాల్కనీలోకి వెళ్లారు. నేను వెళితే, "మా అమ్మ ఉప్పు ఎక్కువైందని మా నాన్న ముందు నుంచి కంచం లాగేసిన మనిషి. తను వండిన కూరే అది," అన్నారు. తర్వాత లోపలికి వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నారు.

"అమ్మా, టీ తాగుతావా?"

"ఇస్తే తాగుతా."

"వద్దంటే?"

"వద్దంటే వద్దు."

"నీకేం కావాలో చెప్పు."

ఆవిడ ఆ ప్రశ్న తనది కానట్టు, వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనన్నట్టు తల తిప్పి చూసింది.

మరుసటి రోజు మధ్యాహ్నం ఆవిణ్ణి పడుకోవడానికి ఎవరింటికీ పంపలేదు. నాతో పాటు షాపుకి తీసుకెళ్లాను. దారిలో ఆవిడ చెయ్యి పట్టుకుని నడుస్తూ తలెత్తి చూశాను. రోజూ నడిచే వీధే, తల వంచుకుని నడుస్తానేమో ఎప్పుడూ గమనించలేదు. బారులు తీరిన బిల్డింగులు, ప్రతి అంతస్తులోనూ గులాబీ రంగు కిటికీలు. కింద అంతస్తు కిటికీల్లోంచి లోపలికి కనిపిస్తోంది. ఒక గదిలో అరల మధ్య మడత మంచం, దాని మీద ఒక ముసలాయన. పక్క బిల్డింగులో సోఫా లోపలికి జరిపి ఒకావిణ్ణి పడుకోబెట్టారు. ఆ పక్కన నా వయసు మనిషే, నేల మీద చాప వేసుకుని. మా బిల్డింగు మాత్రమే కాదన్నమాట. అందరూ ఎవరికి వాళ్లు ఇది కనిపెట్టేశారు.

వీధి కూడా నిశ్శబ్దంగా ఉంది. బస్సు ఆగితే జనం తోసుకోకుండా ఎక్కారు. ఒకాయన స్కూటరు ఇంకొకాయన కాలి మీదికి ఎక్కింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. ముఖాలు మాత్రం కడుపు నిండిన ముఖాలే.

షాపులో ఆవిరి గొట్టాలు, గిర్రున తిరిగే డ్రమ్ములు, మందుల ఘాటు. అక్కడ ఏ మొక్కా బతకదు. పోయినేడు మా ఓనరు ముచ్చటపడి తెచ్చిన కుండీ వారంలో మాడిపోయింది. అత్తయ్యని స్టూలు మీద కూర్చోబెట్టి నా పని చేసుకున్నాను. రెండ్రోజులు అలాగే గోడకి ఆనుకుని కూర్చుంది. మూడో రోజు నేను ఒక చొక్కా మడతపెడుతుంటే వెనక నుంచి వినిపించింది.

"అలాగేనా చేతులు మడవడం?"

నేను తిరగలేదు. తిరిగితే ఆగిపోతుందేమోనని భయం.

"ఎలా మడవాలి మరి?"

"ఎలాగోలా మడువు. ఎవడి చొక్కానో కదా, మనకేం? మెడ దగ్గర ఆ ముడత చూడు. నీకు జీతం ఎవడిస్తున్నాడే?"

చొక్కా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. "వేడి వేడి ఇస్త్రీ బట్ట మీద కన్నీళ్లా, మరక పడుతుంది," అని అది కూడా తిట్టింది.

వారం తిరిగేసరికి అత్తయ్య పూర్తిగా అత్తయ్య అయింది. ఆకలేస్తోందంది. మోకాళ్లు నొప్పన్నది. ఓనరుకి లెక్కలు రావని ముఖం మీదే చెప్పింది. ఇంటికి వచ్చేసరికి మాత్రం మెట్ల మీద ఎదురైనవాళ్లు మాట్లాడకుండా పక్కకి తప్పుకునేవారు.

గింజ ఎక్కడిదక్కడ ఎండిపోవడం మొదలైంది. ఒక ఆదివారం సెక్రటరీ గారు మా హాల్లోకి వచ్చి కూర్చున్నారు. వెనకాలే టైలరమ్మ, చంకలో మనవరాలు.

"మేడమ్, ఇది మీ ఒక్క కుటుంబం విషయం కాదు. ఇది బిల్డింగు విషయం. ఒక విధంగా నగరం విషయం," అని ఆయన ఉపన్యాసం అందుకున్నారు.

"మా అత్తయ్య విషయం మాత్రం కాదా?"

"ఆవిడకి మేం ఏం తక్కువ చేశాం చెప్పండి. రోగమా నొప్పా? హాయిగా నిద్రే కదా."

టైలరమ్మ ఆయన్ని తోసుకుని ముందుకి వచ్చింది. "ఆయన మాటలు వదిలెయ్ అక్కా. మా అమ్మాయికి పాలు తగ్గిపోయాయి. నీ అత్తని నువ్వు దాచుకో, తప్పులేదు, నేనైనా దాచుకుంటాను. మరి దీనికేం పెట్టమంటావో నువ్వే చెప్పు." పిల్లని నా ఒళ్లో పెట్టేసింది. అది నా బొటనవేలు దొరకబుచ్చుకుని నోట్లోకి లాక్కుంది. దవడలు ఎంత గట్టిగా పట్టిందో ఆ పసిది.

పిల్లని చూస్తూనే అన్నాను, "అత్తయ్య పడుకోదు. నేను పడుకుంటాను. మా ఇంటి వంతు నాది, ఆవిడ వంతు కూడా నాదే. మిగతా ఇళ్ల వాళ్లు కూడా వంతులేసుకోండి. ఒక్క మనిషి మీదే పడకపోతే ఎవరికీ ఏమీ కాదు."

సెక్రటరీ గారు వెంటనే ఒప్పుకున్నారు. ఒప్పుకోవాలనే వచ్చినట్టున్నారు.

మునుపటిలా ఎవరికీ నిద్రపట్టదేమోనన్న అనుమానం అక్కర్లేకపోయింది. ఆ మొక్కలు అప్పటికే రుచి మరిగినట్టున్నాయి. నేను మొదటిసారి ఆ మంచం మీద పడుకోగానే ఆకులు కదిలిన చప్పుడు వినిపించింది, పరీక్ష హాల్లో అందరూ ఒకేసారి కాగితం తిప్పినట్టు. భయపడదామనుకున్నాను. భయం సగం దాకా వచ్చి ఆగిపోయింది. నిద్ర నా మీదికి రాలేదు, నేనే దానిలోకి కారిపోయాను. కలలు లేవు. వెచ్చగా, ఎవరో నన్ను వేళ్లతో వెతుకుతున్నట్టు. వెతికి, చిన్న చిన్నవి తీసుకుంటున్నట్టు.

లేచాక ఎంత తేలికగా ఉందో చెప్పలేను. మా ఆడపడుచు పెళ్లిలో నన్ను పక్కకి తప్పించి ఫొటో తీయించుకున్న సంగతి నాకు ఇరవై ఏళ్లుగా గుండెల్లో ముల్లు. ఆ రోజు గుర్తు తెచ్చుకుంటే అది ఫొటోగానే కనిపించింది. ముల్లు లేదు. మరోసారి పడుకుని లేచాక, షాపులో ఒక కోటు మాడ్చాను. గోధుమరంగు మచ్చ చూసి, మాడింది కదా అనుకున్నాను, అంతే. కోటు తాలూకు ఆయనా అదే అనుకుని తీసుకెళ్లిపోయాడు. మెట్ల మీద కనిపించే ముఖాలన్నీ నున్నగా ఉన్నాయి. కంకులు నిండాయి. పిల్ల బుగ్గలు తేలాయి. అంతా బాగుందనిపించింది. ఎవరైనా అడిగితే అదే చెప్పేదాన్ని: బాగుంది.

ఇది చూసింది అత్తయ్య. వంటింట్లో నా వెనకాల నిలబడి, తరిగేది తప్పంది, మంట ఎక్కువంది, నా పెంపకం దాకా వెళ్లింది. నేను "సరే అత్తయ్యా" అన్నాను. ఆవిడ నా భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"సరేనా? మీ అమ్మనంటే సరేనా?"

నేను ఆవిడ వెనకున్న గోడని చూస్తున్నానని ఆవిడ కళ్లల్లో భయం చూశాకే తెలిసింది.

ఆ మధ్యాహ్నం మళ్లీ మా వంతు. పడుకుని కళ్లు మూశాను. ఆకులు వంగుతున్నాయి. అప్పుడు నేల మీద బరబరా చప్పుడు. అత్తయ్య హాల్లోంచి కుర్చీ ఈడ్చుకొచ్చి మంచానికి ఆనించి వేసింది.

"లే. కళ్లు తెరువు."

"మన వంతు అత్తయ్యా."

"వంతూ లేదు, గింతూ లేదు. వేలమందికి వండి పెట్టాను నేను. దొంగకీ పెట్టాను, పోలీసుకీ పెట్టాను. ఎవడికీ నా కోడల్ని వడ్డించలేదు."

"పిల్లకి పాలు..."

"నా రొట్టె ఆ టైలరమ్మ కూతురికి ఇచ్చెయ్. నీది సగం కలుపు. చాలదు, నాకూ తెలుసు. పస్తు పడుకున్న రోజులు నేనెరగనా? కడుపు మండిపోయేది, లేచి ఎవరో ఒకరి మీద విరుచుకుపడేదాన్ని. ఇలా సరే సరే అంటూ తిరగలేదు."

హాల్లో తలుపు చప్పుడైంది. సెక్రటరీ గారి గొంతు, వెనకాల ఇంకా ఎవరివో. మా ఆయన ఏదో సర్దిచెబుతున్నారు. కాసేపటికి ఆయన గొంతు కూడా పెరిగింది. ఆయన గొంతు పెరగడం నేను ఆ ఇంట్లో అప్పటిదాకా వినలేదు.

అత్తయ్య అవేవీ పట్టించుకోలేదు. నా మీద పడింది. నేను కాపురానికి వచ్చిన రోజు చెప్పు ఎక్కడ విడిచానో అక్కడ మొదలుపెట్టి, ఏడాది ఏడాదీ వరసగా తిట్టుకుంటూ వచ్చింది. నా నడక, నా నవ్వు, నేను పాలు పొంగిపోనిచ్చిన రోజులు. కొన్ని నేను మర్చిపోయినవి, కొన్ని నేను చెయ్యనివి. నేను వింటూ కళ్లు తెరిచి ఉంచాను. ఆకులు నా ముఖం దగ్గరికి వచ్చి ఆగాయి. కొన్ని నా వైపు, కొన్ని కుర్చీ వైపు. అరల మీద మొక్కలన్నీ ఎటు వంగాలో తెలియక అటూ ఇటూ ఊగుతున్నాయి.

అప్పుడు గమనించాను. ఆవిడ మాటల మధ్య ఖాళీలు పెరుగుతున్నాయి. ఒక మాట అని, తర్వాతి మాట కోసం దూరం వెళ్లి వస్తోంది. కుర్చీ కూడా ఆ గదిలోనే కదా ఉంది. "ఆ రోజు నువ్వు... నువ్వు ఆ రోజు..." అంటూ ఆవిడ తల పక్కకి ఒరిగింది. అరలన్నీ ఒక్కసారి ఆవిడ వైపు తిరిగాయి.

ఇప్పుడు నేను మాట్లాడాలి. మాట్లాడాలంటే కోపం కావాలి. లోపల వెతికాను. ఎక్కడ చెయ్యి పెట్టినా నున్నగా, ఖాళీగా తగులుతోంది. అడ్డంగా ఊడ్చేసిన ఇల్లులా ఉన్నాను. ఎక్కడో మూల, వాటి వేళ్లకి అందనంత మూల, ఒకటి గుచ్చుకుంది. చిన్నదే. దాన్ని పట్టుకుని లాగాను.

"మా అమ్మాయి పుట్టినప్పుడు మీరు మొహం ముడుచుకున్నారు," అన్నాను. ఇంకా గట్టిగా అన్నాను. "విన్నారా? ఆస్పత్రిలో గుడ్డ తీసి పిల్ల మొహం చూసి, అంతా వీళ్ల పోలికే అని మూతి తిప్పారు. నాకు కుట్లు కూడా మానలేదు. మంచం మీదున్నదాని ముందు అనాల్సిన మాటేనా అది?"

అత్తయ్య కనురెప్పలు కదిలాయి.

"ఎవరు... ఎవరే మూతి తిప్పింది?"

"మీరే! ఇంకెవరు?"

ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని నిటారుగా లేచి కూర్చుంది. తన భుజం మీద వాలిన ఆకుని ఈగని తోలినట్టు తోలేసింది. "అంతా అని నేననలేదు. చెబితే నిజం చెప్పు. ముక్కు చూసి అన్నాను, ఒక్క ముక్కే."

"మా వాళ్ల ముక్కుకేమైంది?" అన్నాను, దుప్పటి తోసేసి లేచి కూర్చుంటూ.